ఉప్పు రవ్వంత కెమెరా కోసం మీ నాయన్ని ఆపొద్దు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తా, తర్వాత చదివేవాళ్ళకు కూడా తెలుస్తుంది. మీది ఆదోని పక్కన పల్లె. నాయనకు 58 ఏళ్ళు, ముప్పై ఏళ్ళ నుంచి బీడీ. నెల కిందట ఒకరోజు పొద్దున మూత్రం ఎర్రగా పోయింది. నొప్పి లేదు, మంట లేదు. మరుసటి రోజుకు తేటపడింది, మళ్ళీ రాలేదు. పొట్ట స్కానింగులో ఏమీ లేదన్నారు. అయినా కర్నూలు డాక్టరు సిస్టోస్కోపీ, అంటే మూత్రం దారిలో కెమెరా గొట్టం పెట్టి మూత్రపు సంచిని లోపలి నుంచి చూసే పరీక్ష, చేసి చూడాల్సిందే అన్నాడు. నాయనేమో "ఆ దారిలో గొట్టమా, నేను రాను" అని మొండికేసి కూర్చున్నాడు. నువ్వు యూట్యూబులో ఉప్పు రవ్వంత కెమెరా చూసి, దాంతో చేసే ఆసుపత్రి బెంగళూరులో ఉందా, హైదరాబాదులో ఉందా, అది మన పక్కకు వచ్చేదాకా ఆగితే తప్పేముంది అని అడిగినావు.

ఆగొద్దు. నా జవాబు ఇంతే. మిగతాదంతా ఎందుకు ఆగకూడదో, ఆ రవ్వ కెమెరా సంగతేందో చెప్పడానికి.

నేను డాక్టరును కాదు. 1996 నుంచి కర్నూలులో ఉండి ఈ స్కోపులు, అంటే ఒంటి లోపల చూసే గొట్టాలు, బాగుచేస్తున్నా. అనంతపురం, కడప, నంద్యాల నుంచి కూడా పెట్టెల్లో పెట్టి పంపిస్తారు. ఆపరేషన్ థియేటర్లో కొత్త స్కోపు బిగించి, డాక్టరుకు బొమ్మ సరిగా పడేదాకా పక్కన నిలబడడం నా పనిలో భాగం. అందుకని లోపలి దారులు చాలాసార్లు తెర మీద చూసినా. ఒకసారి నావే చూసుకున్నా, ఆ కథ కింద చెప్తా.

ముందు ఎర్ర మూత్రం సంగతి. నొప్పితో రక్తం వస్తే మనవాళ్ళు పరిగెత్తుకుంటూ పోతారు. రాయి అనుకుంటారు, మన సీమలో అది నిజమే అయ్యుంటుంది చాలాసార్లు. ఎండలో చేలో పనిచేసి సరిగ్గా నీళ్ళు తాగనివాళ్ళకు మూత్రం చిక్కబడి రాళ్ళు కడతాయి, ఉలవకట్టు తాగించని ఇల్లు ఉండదు. నొప్పి లేకుండా ఒకసారి వచ్చి ఆగిపోతే మాత్రం "వేడి చేసింది, తగ్గిపోయింది" అని వదిలేస్తారు. అక్కడే మోసం. మూత్రపు సంచిలో (మూత్రాశయంలో) గడ్డ ఉంటే అది ఎప్పుడో ఒకసారి రక్తం కార్చి, నెలల తరబడి ఊరుకుంటుంది. బీడీకీ దీనికీ చుట్టరికం ఏందంటే, పొగలోని విషాలు రక్తంలోకి పోతాయి, కిడ్నీ వాటిని వడగట్టి మూత్రంలోకి తోస్తుంది, ఆ మూత్రం సంచిలో గంటల కొద్దీ నిలవుంటుంది. సంచి లోపలి పొర ముప్పై ఏళ్ళు దాంట్లో నానినట్టు లెక్క. ఊపిరితిత్తుల గురించి అందరూ చెప్తారు గానీ మూత్రాశయం క్యాన్సరుకు మొదటి కారణం కూడా పొగే. ఎమ్మిగనూరు లాంటి నేత ఊళ్ళలో పాత కాలం రంగుల్లో చేతులు ముంచి పనిచేసినవాళ్ళుంటే అది కూడా డాక్టరుకు చెప్పాలి, కొన్ని రకాల రంగు రసాయనాలు కూడా ఆ పొరనే పట్టుకుంటాయి.

మీ నాయనకు క్యాన్సరే అని నేను అనడం లేదు. రాయి ఉండొచ్చు, ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా. కానీ పొట్ట స్కానింగులో లేదన్న మాట ఇక్కడ చాలదు. సంచి నిండా మూత్రం ఉంటే లోపలికి పొడుచుకొచ్చిన గడ్డ స్కానింగులో కనపడుతుంది. గోడకు అంటుకుని చదునుగా, ఎర్ర మఖ్మల్ గుడ్డ ముక్క అతికించినట్టు ఉండే రకం ఒకటుంది. అది కనపడదు. దాన్ని కంటితో చూడాల్సిందే.

ఇక కంటి సంగతికి వద్దాం. ఇంటర్నెట్టులో జనం రెండు దారులను కలిపేస్తున్నారు, నువ్వూ కలిపినావు. బయటి నుంచి సంచి దాకా ఉండేది మూత్రమార్గం, మగవాళ్ళలో దాదాపు 20 సెంటీమీటర్లు, మధ్యలో వంపులు. సంచి నుంచి పైకి కిడ్నీకి పోయేవి రెండు మూత్రనాళాలు, ఒక్కోటి 25 నుంచి 30 సెంటీమీటర్లు, లోపల 3, 4 మిల్లీమీటర్ల వెడల్పు. అవి సంచిలో చేరే చోట ఇంకా ఇరుకు. సంచిని మాత్రమే చూసేది సిస్టోస్కోపు. నాళంలోకి ఎక్కేది యురెటెరోస్కోపు. మీ నాయనకు చెప్పింది మొదటిది.

వీటి లావును ఫ్రెంచ్ లెక్కలో చెప్తారు. పారిస్‌లో షారియే అనే పనిముట్ల తయారీదారు పెట్టిపోయిన కొలత. మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. వంగే సిస్టోస్కోపు 16 ఫ్రెంచ్ అటు ఇటు, అంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు. మీ ఊళ్ళో ఎవరికైనా ఆపరేషన్ అయినప్పుడు మూత్రానికి రబ్బరు గొట్టం వేసుంటారు గదా, అది కూడా ఎక్కువగా 16 ఫ్రెంచే. వంగే స్కోపు దాదాపు ఆ గొట్టమంత లావే అని నాయనకు చెప్పు, సగం భయం అక్కడే పోతుంది. వంగని ఇనుప స్కోపు మాత్రం 17 నుంచి 22 ఫ్రెంచ్ దాకా ఉంటుంది. దానికి వంపులు తెలియవు, దారినే నిటారు చేసుకుంటూ పోతుంది. మగవాళ్ళకు నొప్పి తేడా వచ్చేది లావు దగ్గర కంటే ఈ వంగడం, వంగకపోవడం దగ్గరే.

ఉప్పు రవ్వ కెమెరా నిజమే. ఓమ్నివిజన్ అనే కంపెనీ 2019లో బయటపెట్టింది. ఓవీ6948 దాని పేరు. పక్కకు 0.575 మిల్లీమీటరు, నిలువు 0.575, మందం 0.232. అమ్మకానికి దొరికే ఇమేజ్ సెన్సార్లలో అన్నిటికంటే చిన్నదని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. వీడియోలో వేలి కొన మీద పెట్టి చూపిస్తారు, ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. నేను కూడా తెరిచినా.

తర్వాత లెక్క వేసుకున్నా. దాంట్లో చుక్కలు అడ్డం 200, నిలువు 200. మొత్తం 40 వేలు. ఇప్పుడు థియేటర్లలో మామూలుగా వాడే హెచ్‌డీ బొమ్మలో 20 లక్షల పైన ఉంటాయి, యాభై రెట్లకు పైనే. సెన్సారు ముందు లెన్సు బిగించి మాడ్యూల్‌గా చేసేసరికి అది 0.65 మిల్లీమీటరు చదరం, పొడవు 1.158 అవుతుంది. స్పష్టంగా కనపడేది 3 మిల్లీమీటర్ల నుంచి 30 మిల్లీమీటర్ల దూరం వరకు. ఈ ఆఖరు అంకె దగ్గర ఆగు. సంచిని చూడాలంటే సెలైన్ నింపి ఉబ్బిస్తారు. 300 మిల్లీలీటర్లు పడితే, గుండ్రంగా ఉందనుకుంటే, అడ్డంగా 8 సెంటీమీటర్లకు పైన ఉంటుంది. మూతి దగ్గర నిలబడి అవతలి గోడ చూడాలంటే ఆ రవ్వకు చూపు ఆనదు. వెలుగు కూడా అంతే, దూరం నాలుగు రెట్లయితే పడే వెలుగు పదహారో వంతు. చిన్న కన్ను కాబట్టి పట్టుకునే వెలుగు ముందే తక్కువ. ఇరుకు సందులో సెల్లు ఫోన్ లైటు వేసుకుని పోతే గోడ మీద చీమ కనపడుతుంది. అదే లైటుతో రాత్రిపూట కొండారెడ్డి బురుజు ముందర నిలబడి పైకి చూడు, ఏం కనపడుతుంది?

కాబట్టి ఆ రవ్వ కెమెరాకు తగిన జాగా మూత్రనాళం, కిడ్నీ లోపలి సందులు. విశాలమైన సంచిలో, గోడంతా ఒక్క అంగుళం వదలకుండా వెతకాల్సిన పనికి, లావుగా ఉన్న కన్నే మేలు. మీ నాయనకు కావాల్సింది ఈ లావు కన్నే.

నిజానికి ఈ సన్నదనం కథ మొదటి నుంచీ వెలుగు కథే. 1806లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో బోజినీ అనే డాక్టరు కొవ్వొత్తి పెట్టిన గొట్టంతో మొదలుపెట్టాడు. 1877లో నిట్సే అనే జర్మన్ డాక్టరు సిస్టోస్కోపు చేస్తే, దాని కొనలో ప్లాటినం తీగ ఎర్రగా కాగుతూ వెలుగిచ్చేది, లోపల కాలకుండా చుట్టూ చల్లనీళ్ళు పారించేవాళ్ళు. తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది, ఆ కాలం రోగులకు దండం పెట్టాలి. 1959లో ఇంగ్లండులో హాప్కిన్స్ అనే శాస్త్రవేత్త ఒక చిత్రం చేశాడు. అప్పటిదాకా గొట్టంలో చిన్న చిన్న లెన్సులు, మధ్యలో గాలి. ఆయన దాన్ని తిరగేసి గాజు కడ్డీలే పొడవుగా పెట్టి, మధ్యలో సన్నని గాలి సందులు వదిలాడు. అదే లావులో వెలుగు ఎన్నో రెట్లు పెరిగింది. ఇప్పటికీ నా బెంచీ మీదికి వచ్చే ఇనుప స్కోపులన్నీ ఆ కడ్డీలవే. జారి కింద పడితే ఒక కడ్డీ పగులుతుంది, బొమ్మలో నెలవంకలాగా నల్ల నీడ పడుతుంది. అదే హాప్కిన్స్ దగ్గర చదువుకున్న మన పంజాబు మోగా ఊరి నరీందర్ సింగ్ కపానీ, ఇద్దరూ కలిసి 1954లో గాజు పోగుల కట్టతో బొమ్మను పంపొచ్చని చూపించారు. వంగే స్కోపులకు పునాది అదే. 1964లో మార్షల్ అనే అమెరికా డాక్టరు పోగుల స్కోపుతో మూత్రనాళం లోపలికి తొంగిచూసినట్టు రాశాడు.

పోగుల స్కోపు అంటే ఏందో దగ్గర నుంచి చెప్తా, ఎందుకంటే మన పక్క ఇంకా చాలా చోట్ల ఇదే నడుస్తోంది. వేల గాజు పోగులు, ఒక్కోటి వెంట్రుక కంటే సన్నం, ఈ చివర ఏ పోగు ఎక్కడుందో ఆ చివర కూడా అక్కడే ఉండేట్టు పేర్చి కట్టి ఉంటాయి. ఒక్కో పోగు ఒక్కో చుక్క వెలుగు మోస్తుంది. రిపేరుకు వచ్చిన స్కోపును నేను మొదట చేసే పని, దాని కొనను గోడ మీది క్యాలెండరు వైపు తిప్పి, కన్ను పెట్టి చూడడం. అంకెలు జల్లెడలోంచి చూసినట్టు కనపడతాయి. ఎక్కడెక్కడ పోగు తెగిందో అక్కడ నల్ల చుక్క. పది పదిహేను చుక్కలకు ఏమీ కాదు. వంగే చోట గుంపుగా తెగితే మిరియాలు చల్లినట్టుంటుంది. "15" అంకె "13" లాగా కనపడిన స్కోపును ఒక డాక్టరు ఇంకో ఆరు నెలలు లాగుదాం అన్నాడు. నేను క్యాలెండరు ఆయన చేతికిచ్చి, మీరే తారీఖు చదవండి సార్ అన్నా. నవ్వి, కొత్తది తెప్పించాడు.

కొన దగ్గరే సెన్సారు పెట్టిన డిజిటల్ స్కోపులకు ఈ జల్లెడ బాధ లేదు. పోగులు వెలుగును లోపలికి తీసుకుపోతే చాలు, బొమ్మ తీగలో బయటికి వస్తుంది. సెన్సార్లు చిన్నవై, చవకై, చివరికి ఒకసారి వాడి పారేసే స్కోపులు కూడా వచ్చాయి. 2016లో వచ్చిన లిథోవ్యూ అట్లాంటిదే, రాళ్ళ కోసం కిడ్నీ దాకా పోయే రకం.

సన్నం చేయడంలో అసలు చిక్కు కెమెరా కాదు, నీళ్ళు. ఈ మాట ఏ వీడియోలోనూ చెప్పరు. కిడ్నీ దాకా పోయే స్కోపు మొత్తం లావు 3 మిల్లీమీటర్లకు అటు ఇటే. దాంట్లో కెమెరా, వెలుగు పోగులు, కొన వంచే తీగలు, వీటితోపాటు ఒక ఖాళీ గొట్టం. ఆ గొట్టం 3.6 ఫ్రెంచ్, అంటే 1.2 మిల్లీమీటర్లు. రాయి పగలగొట్టే లేజర్ పోగు పోవాల్సింది దాంట్లోనే, ముక్కలు పట్టే బుట్ట పోవాల్సింది దాంట్లోనే, చూపు కోసం సెలైన్ పారాల్సింది కూడా దాంట్లోనే. మీరు చీనీ తోటకు డ్రిప్పు వేసినవాళ్ళయితే ఇది వేరే చెప్పే పనిలేదు. పైపు సగం సన్నమైతే నీళ్ళు సగం కావు, అదే ఒత్తిడికి పదహారో వంతుకు పడిపోతాయి. నీళ్ళు తగ్గితే రక్తం, దుమ్ము కలిసి చూపు మూసుకుపోతుంది. చూపు కోసం ఒత్తిడి పెంచితే నీళ్ళతో పాటు మూత్రంలోని క్రిములు కిడ్నీ నుంచి రక్తంలోకి ఎక్కుతాయి. కిడ్నీ లోపల ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఎత్తు దాటకూడదని డాక్టర్లు సామాన్యంగా పెట్టుకునే హద్దు. తర్వాత చలి జ్వరం వచ్చి మనిషి ఐసీయూలో పడేది చాలాసార్లు ఇందువల్లే. అందుకే ఇప్పుడు కొన దగ్గర ఒత్తిడి కొలిచే స్కోపులు వస్తున్నాయి, లిథోవ్యూ ఎలీట్‌లో అది ఉంది. నన్నడిగితే కెమెరా చిన్నదైంది అన్న వార్త కంటే ఇది పెద్ద వార్త. కానీ దీన్ని వేలి కొన మీద పెట్టి చూపించలేరు గదా.

ఇంకా సన్నని ప్రోబులు (లోపలికి దూర్చి చూసే తీగల్లాంటివి) కొన్ని ఉన్నాయి, నువ్వు పెట్టిన లింకులో కూడా ఉన్నాయి. వాటి పని వేరు. కాన్‌ఫోకల్ అనేది ఒకటి. 0.85 మిల్లీమీటర్ల పోగుల కట్ట, స్కోపు గొట్టంలోంచి దూర్చి గోడకు ఆనించాలి. ముందు ఫ్లోరెసీన్ అనే పసుపు రంగు మందు ఇస్తారు, నీలి లేజర్ పడితే కణాల మధ్య సందులు మెరుస్తాయి. బయాప్సీ తీయకుండానే కణాలు కంటికి కనపడతాయి. అద్భుతమే. కానీ ఒక్కసారికి కనపడే జాగా అర మిల్లీమీటరు కూడా లేదు. దాంతో సంచి అంతా వెతకడమంటే పప్పు గింజంత సందులోంచి చూస్తూ తుంగభద్ర కాలువ గట్టు వెంబడి పోయినట్టు. ఇంకొకటి ఓసీటీ, కంటి డాక్టర్లు రెటీనాకు తీస్తారు చూడు, అదే సూత్రం. 1991లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు మొదలుపెట్టారు. కంటికి కనపడని వెలుగును పంపి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే దాన్ని బట్టి నిలువుకోత బొమ్మ గీస్తుంది, 2 మిల్లీమీటర్ల లోతు దాకా. గడ్డ పై పొరలోనే ఉందా, కింది కండరంలోకి దిగిందా అనేదే ఈ జబ్బులో వైద్యం మొత్తాన్ని మార్చే ప్రశ్న, అందుకే దీని మీద అంత ఆశ. అయినా ఈ రోజుకు ఆ తీర్పు చెప్పేది ముక్క కోసి చూసిన పాథాలజీ రిపోర్టే.

నాకు అన్నిటికంటే ముచ్చటేసింది సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళ ప్రోబు. దాని కొనలో కెమెరా లేదు. ఒకే ఒక్క గాజు పోగు. దాన్ని కరెంటుతో వణికిస్తే కొన గానుగెద్దులాగా చుట్టూ తిరుగుతుంది, తిరుగుతూ తిరుగుతూ చుట్టు పెద్దది చేసుకుంటూ పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లు ఆ పోగులో నుంచే పోతాయి, ఏ క్షణంలో ఏ చుక్క మీద పడిందో లెక్కగట్టి కంప్యూటర్ బొమ్మ అల్లుతుంది. మొత్తం లావు 1.2 మిల్లీమీటర్లే, బొమ్మ మాత్రం రవ్వ కెమెరా కంటే చాలా నయం. చుక్కలకు జాగా కావాలన్న లెక్కనే అది ఎగ్గొట్టింది. రిపేరు వాడిగా మాత్రం నాకు భయం, ఆ ఒక్క పోగు విరిగితే నా చేతిలో ఏముంది?

మీ నాయన విషయంలో పనికొచ్చేవి వీటికంటే మామూలువి. ఎన్‌బీఐ అని ఒకటుంది. తెల్ల వెలుగు బదులు 415, 540 నానోమీటర్ల రెండు రంగులే వేస్తారు, రక్తం వాటిని మింగుతుంది కాబట్టి రక్తనాళాలు గుబురుగా ఉన్న చోటు ముదురుగా లేచి కనపడుతుంది. మందు అక్కర్లేదు, ఒక బటన్ నొక్కడమే. ఇంకొకటి నీలి వెలుగు. గంట ముందు సన్న గొట్టంతో సంచిలో మందు పోస్తారు, గడ్డ ఉన్న చోటు గులాబీ రంగులో వెలుగుతుంది. నేను చెప్పిన ఆ మఖ్మల్ రకాన్ని పట్టడానికి ఇవి బాగా తోడవుతాయి. మొదటిసారి చూడడానికి మామూలు తెల్ల వెలుగు చాలు, అనుమానం వస్తే డాక్టరే వీటి మాట ఎత్తుతాడు. వీటి కోసం మొదటి పరీక్షను వాయిదా వేయొద్దు. ఒకమాట గుర్తుపెట్టుకో, సిస్టోస్కోపీ సంచి వరకే. పైన కిడ్నీ, నాళాల కోసం డాక్టరు సీటీ రాస్తే అది కూడా తీయించు, ఒకటి చేయించాం గదా అని రెండోది ఎగ్గొట్టొద్దు.

ఇప్పుడు నా కథ. 2017 ఎండాకాలంలో నాకు ఎడమ పక్క రాయి దిగింది. స్కోపు పెట్టించుకున్న ఆసుపత్రి పేరు వద్దు. నేను బాగుచేసిన స్కోపే నాలోకి వస్తుందని ముందే తెలుసు, కాబట్టి దేవుడి కంటే ఎక్కువ నా రిపేరునే తలచుకున్నా. రాయి తీసేది మత్తు ఇచ్చి చేశారు. రెండు వారాల తర్వాత లోపల వదిలిన స్టెంటు (నాళం మూసుకుపోకుండా పెట్టే సన్న గొట్టం) తీయడానికి మాత్రం మెలకువలోనే, వంగే సిస్టోస్కోపుతో. ముందు తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్లీ ఎక్కిస్తారు, చల్లగా, కొంచెం చురుక్కుమంటుంది. అక్కడ ఒక తొందరపాటు జరుగుతుంది, నేను చాలా చోట్ల చూసినా. జెల్లీ ఎక్కించిన నిమిషానికే స్కోపు పెడతారు. దానికి ఐదు నుంచి పది నిమిషాలు టైమివ్వాలి. నేను "సార్, ఐదు నిమిషాలాగండి" అని నోరు తెరిచి అడిగినా, నువ్వు కూడా అడుగు, ఎవరూ ఏమనుకోరు. స్కోపు ప్రోస్టేటుకు ముందు ఉండే బిగువు కండరం దాటేటప్పుడు ఒక్క క్షణం గట్టిగా ఉంటుంది. అప్పుడు ఊపిరి బిగబట్టకుండా, మూత్రం పోసుకుంటున్నట్టు అనుకోవాలి. నర్సు సెలైన్ సంచిని చేత్తో పిసికితే నీళ్ళు ముందు దారి తెరుస్తాయి, నొప్పి ఇంకా తగ్గుతుంది. తర్వాత తెర మీద నా సంచి. లేత గులాబీ గోడ, దాని మీద చెట్టు వేళ్ళలాగా సన్నని ఎర్ర నాళాలు. కింద రెండు పక్కలా రెండు చిన్న చీలికలు. కుడి పక్కది చేప నోరు తెరిచినట్టు తెరుచుకుని ఒక చిమ్ము మూత్రం కొట్టి మూసుకుంది. ఇరవై ఏళ్ళు పరాయివాళ్ళది చూసినా, మనది మనం చూసుకుంటే వేరే. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు. ఆ రోజు మూడుసార్లు మంట, మరుసటి రోజు మామూలు.

నాయనకు చూపించాలంటే తెర ఆయన వైపు తిప్పమని అడుగు. తెర చూసేవాళ్ళు మెడ తిప్పి దాన్నే చూస్తుంటారు, కింద బిగబట్టడం మర్చిపోతారు.

ఒక నిష్ఠూరం కూడా చెప్పుకోవాలి. స్కోపు పాడయ్యేది ఎక్కువగా రోగి లోపల కాదు, బయట. ఒక చోట (పేరు చెప్పను) కొత్త వంగే స్కోపును స్టీలు ట్రేలో పెట్టి మూత నొక్కేశారు, పైన తొడుగు నలిగి చిల్లు పడింది. కంటికి కనపడని చిల్లు. దాన్నట్లే మందు నీళ్ళలో నానబెట్టి, కడిగి, వాడుతూ వచ్చారు. నా దగ్గరికి వచ్చినప్పుడు గాలి ఎక్కించి బక్కెట్లో ముంచినా. సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే, బుడగలు వరసగా లేచాయి. అంటే ఇన్నాళ్ళూ రోగుల మూత్రం, రక్తం ఆ చిల్లులోంచి లోపలికి పోయి, తర్వాతి రోగికి ఎంతో కొంత తిరిగి వస్తోంది. ఈ లీకు టెస్టు ప్రతి వాడకం తర్వాత చేయాలి. అరవై సెకండ్ల పని. చేయలేదని నేను కోప్పడితే అక్కడి కుర్రాడు "మాకెవరూ చెప్పలేదన్నా" అన్నాడు. అబద్ధం కాదు పాపం, నిజంగానే ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నువ్వు అడగాల్సింది కెమెరా ఎంత సన్నం అని కాదు. వంగే స్కోపు ఉందా అని అడుగు. స్కోపును దేంట్లో శుద్ధి చేస్తారు అని అడుగు. గ్లూటరాల్డిహైడ్ అంటే సరే, బాగా కడగాలి అంతే. ఓపీఏ అనే ఇంకో శుద్ధి మందు పేరు చెప్తే ఒక మాట గుర్తుంచుకో. మూత్రాశయం క్యాన్సరు ఉన్నవాళ్ళకు వాడే స్కోపులను ఓపీఏలో శుద్ధి చేయొద్దని ఆ మందు కంపెనీ వాళ్ళే చెప్పారు. అట్లాంటివాళ్ళకు మొదట్లో మూడు నెలలకోసారి సిస్టోస్కోపీ చేస్తూ ఉంటారు, మళ్ళీ మళ్ళీ తగిలి తీవ్రమైన అలర్జీలు వచ్చిన సందర్భాలున్నాయి. నాయనకు అట్లాంటిదేమీ రాకూడదనే కోరుకుందాం, కానీ తెలిసుండడం మంచిది. ఇంకా, ఒకసారి వాడి పారేసే స్కోపు అన్నప్పుడు దాని సీలు మీ ముందు తెరవమని అడగడంలో తప్పు లేదు.

మూత్రం కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయా చూసే పరీక్ష) ముందే చేయించండి. ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గాకే స్కోపు. నాయన గుండెకు గానీ పక్షవాతానికి గానీ రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చీటీ తీసుకుపోండి, సొంతంగా ఆపొద్దు. స్కోపు అయ్యాక ఒకటి రెండు రోజులు మంట, లేత ఎరుపు ఉంటే భయపడక్కర్లేదు, నీళ్ళు తాగించు. చలి పుట్టి జ్వరం వస్తే, మూత్రంలో రక్తం గడ్డలు గడ్డలుగా పోతే, లేదా అసలు పోకపోతే, రాత్రి రెండైనా సరే ఆసుపత్రికి తీసుకుపో. పొద్దున చూద్దాం అనొద్దు.

బెంగళూరు దాకా పోనక్కర్లేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది, సంచి చూసే పరీక్ష వాళ్ళకు రోజువారీ పని. ప్రైవేటులో చేయించాలంటే కూడా కర్నూలు, అనంతపురం, కడపలో చేస్తారు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే తీసుకుపో, తర్వాత ఆపరేషన్ ఏదైనా అవసరమైతే ఆరోగ్యమిత్రతో మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. పోయే ముందు రోజు మాత్రం ఫోన్ చేసి వంగే స్కోపు పనిచేస్తోందా అని కనుక్కో. మన పక్క చాలా చోట్ల ఉండేది ఒక్కటే. అది నా బెంచీ మీద విప్పి పెట్టి ఉండే రోజులు కూడా ఉంటాయి.